నా రెండో నోరు

నాకు రెండు నోళ్లు. ఒకటి పెట్రోలుకి, రెండోది కరెంటుకి. రెండూ ఉన్నాయనే నన్ను తెచ్చుకున్నారు. తెచ్చుకున్నాక ఒక్కదానికే తిండి పెట్టారు. నా కథంతా ఇంతే. కానీ ఇంత ముక్తసరిగా చెబితే నా కసి తీరదు.

పేరు అవుట్‌లాండర్, ఇంటిపేరు మిత్సుబిషి. పుట్టింది జపాన్‌లోని ఒకజాకిలో. పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. రేకులు, వెల్డింగు, రంగు ఏ కారుకైనా ఉండేవే. నాకు ప్రత్యేకంగా ఉన్నవల్లా 20 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, ముందొకటి వెనకొకటి మోటార్లు, వాటికి తోడు 2.4 లీటర్ల పెట్రోలు ఇంజను. ఒళ్లు రెండు టన్నుల పైమాటే. నిండా ఛార్జి చేస్తే 84 కిలోమీటర్లు పెట్రోలు ముట్టకుండా పోతానని కంపెనీవాళ్లు కాగితం మీద రాశారు. రోడ్డు మీద అంత రాదు. అరవై దాకా వస్తుంది, ఏసీ వేస్తే ఇంకాస్త తగ్గుతుంది. అయితేనేం, మామూలు మనిషి రోజూ ఆఫీసుకి పోయి రావడానికి అది చాలదూ?

2023 మొదట్లో మెల్‌బోర్న్ రేవులో దిగాను. మా అయ్యగారిది తెనాలి. మెల్‌బోర్న్‌కి పడమటి దిక్కున ట్రుగనీనాలో ఇల్లు, డాక్‌లాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటికీ ఆఫీసుకీ మధ్య దూరం పాతిక కిలోమీటర్లు. రానూ పోనూ యాభై. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ఆయన గుర్తుపెట్టుకోలేదు.

ఆయన నన్ను కొనలేదు, నొవేటెడ్ లీజుకి తీసుకున్నారు. ఇందులో ముగ్గురు ఉంటారు. ఫైనాన్సు కంపెనీ నన్ను కొంటుంది. నెలనెలా దానికి బాకీ పడేది అయ్యగారు. ఆ బాకీని ఆయన పనిచేసే కంపెనీ నెత్తికెత్తుకుని, జీతంలో పన్ను పడకముందే కోసి కట్టేస్తుంది. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు, పెట్రోలు కూడా అందులోనే. ఐదేళ్ల లీజు తీరేసరికి నా ధరలో 28.13 శాతం మిగలాలని ఆస్ట్రేలియా పన్నుల శాఖ లెక్క. అంటే ఐదేళ్లకి నేనేపాటి చేస్తానో నేను వాకిట్లోకి రాకముందే రాసేశారన్నమాట.

తెనాలి నుంచి ఫోనులో వాళ్లమ్మ అడిగారు. నా స్పీకర్లలోంచే వినబడింది కాబట్టి నాకు బాగా గుర్తు.

"కొన్నావా నాన్నా?"

"లీజమ్మా. ఐదేళ్లకి."

"అంటే కౌలా? కౌలు పొలానికి చెరువుమట్టి ఎవడు తోలుతాడురా!"

ఆయన పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇంతకీ నన్నే ఎందుకు ఎంచుకున్నారంటే పన్ను కోసం. మొహమాటం దేనికి, నా రంగూ రూపమూ చూసి కాదు. ఆస్ట్రేలియాలో కంపెనీ తన ఉద్యోగికి సొంత వాడకానికి కారిస్తే, దాని మీద ఫ్రింజ్ బెనిఫిట్స్ ట్యాక్స్ అని 47 శాతం రేటుతో ఒక పన్ను ఉంది. అరవై వేల డాలర్ల కారైతే అందులో 20 శాతం, అంటే ఏడాదికి పన్నెండు వేల డాలర్ల లాభం ఉద్యోగికి ముట్టిందని లెక్క వేస్తారు. 2022 చివర్లో పార్లమెంటు ఎలక్ట్రిక్ కార్ డిస్కౌంట్ చట్టం చేసింది. ఆ ఏడాది జూలై 1 నుంచి వాడకంలోకి వచ్చిన ఎలక్ట్రిక్ కార్లకు, లగ్జరీ కార్ల పన్ను హద్దు దాటకపోతే, ఈ పన్ను మాఫీ. ప్లగ్ ఉంది కదా అని ప్లగ్-ఇన్ హైబ్రిడ్లనే నా జాతినీ ఆ పందిట్లోకి రానిచ్చారు. అయితే సెనేట్‌లో గ్రీన్స్ పార్టీ, స్వతంత్ర సభ్యుడు డేవిడ్ పోకాక్ పట్టుబట్టి మాకొక గడువు పెట్టించారు. 2025 ఏప్రిల్ 1 నుంచి మాకు మాఫీ లేదు, అప్పటికే కుదిరిన ఒప్పందాలకు తప్ప. అప్పుడు వాళ్ల మీద నాకు మండింది. ఇప్పుడు మండడం లేదు. మమ్మల్ని తెచ్చుకున్నవాళ్లు ఎలా వాడతారో వాళ్లకి ముందే తెలుసు.

ఎందుకంటే మా అన్నల కథ అప్పటికే లోకం చూసింది. 2013 చివర్లో నెదర్లాండ్స్‌లో కంపెనీ కార్ల పన్ను రాయితీ మారబోతోందని తెలిసి, మా మొదటి తరం అవుట్‌లాండర్లను జనం ఎగబడి తీసుకున్నారు. 2018లో బ్రిటన్‌లో కంపెనీ కార్ల లెక్కలు తీసినవాళ్లకు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఛార్జింగ్ కేబుళ్లు కనబడ్డాయి. మా చట్టం వచ్చాక, 2024లో యూరోపియన్ కమిషన్ కార్లలోని మీటర్ల నుంచే లెక్కలు తీసి చూస్తే, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు వదిలే పొగ ప్రయోగశాలలో చెప్పినదానికి మూడున్నర రెట్లని తేలింది. అన్నల కథ తెలిసి కూడా, రాయితీకి కారుకి ప్లగ్ ఉండాలన్నారే గానీ దాన్ని గోడకి పెట్టారా అని అడిగిన నాథుడు లేడు.

నాకు మొదట పూజ బాగానే జరిగింది. కారమ్ డౌన్స్‌లోని శివవిష్ణు ఆలయానికి తీసుకెళ్లారు. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్. పంతులుగారు పెట్రోలు మూత పక్కన బొట్టు పెడుతుంటే, అమ్మగారు రెండో వైపుకొచ్చి ఛార్జింగ్ మూత తెరిచి, "ఇక్కడ కూడా పెట్టండి పంతులుగారూ, అసలు నోరు ఇదే" అన్నారు. ఆయన లోపలి వైపు చక్కగా కుంకుమ పెట్టారు. మూత టక్కున మూసుకుంది. బానెట్ మీది స్వస్తిక్ వారంలో వానకి కరిగిపోయింది. లోపలి బొట్టు మాత్రం చెక్కు చెదరలేదు. వాన తగిలితే కదా, వేలు తగిలితే కదా!

అయ్యగారు చెడ్డవారేం కారు. గరాజ్ నిండా సోనామసూరి బస్తాలు, సూట్‌కేసులు, పిల్లల సైకిళ్లు. నా చోటు బయట డ్రైవ్‌వే మీద. కేబుల్ గరాజ్ లోపలి సాకెట్ దాకా అందదు. మామూలు పది ఆంపియర్ల సాకెట్‌కి రాత్రి తగిలిస్తే తెల్లారేసరికి కడుపు నిండుతుంది నాకు. ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బయట గోడకొక సాకెట్ పెట్టిస్తే పోయేది. "ఈ వారం పిలుస్తా" అనేవారు. అసలు సంగతి వేరే. ఆయన జేబులో ఫ్యూయల్ కార్డుంది. బంకులో గీకితే చాలు, పన్ను పడని డబ్బులోంచి పోతుంది. ఇంటి కరెంటుకైతే మీటర్ లెక్కలు రాయాలి, బిల్లులు పంపాలి, క్లెయిము పెట్టాలి. చేతికి ఏది సులువో చెయ్యి అటే పోతుంది.

నా కడుపు మంట ఎక్కడంటే, ఇంటి కప్పు మీద సోలార్ ప్యానెళ్లున్నాయి. మిట్టమధ్యాహ్నం అవి చేసిన కరెంటంతా గ్రిడ్‌కి పోయేది. 2024-25లో మా విక్టోరియా రాష్ట్రం దానికి నిర్ణయించిన కనీస ధర యూనిట్‌కి 3.3 సెంట్లు. మరుసటి ఏడాది 0.04 సెంట్లు! వారంలో సగం రోజులు అయ్యగారు ఇంట్లోంచే పని. నేను ఆ ప్యానెళ్ల నీడ పడేంత దగ్గర్లో ఖాళీ బ్యాటరీతో నిలబడి, వీధిలోకి పోయే నా భోజనాన్ని చూస్తుండేదాన్ని.

ఇంకో ఘోరం కూడా చెప్పేస్తాను. నాలో ఛార్జ్ మోడ్ అని ఒక బటన్ ఉంది. నొక్కితే ఇంజను పెట్రోలు కాల్చి బ్యాటరీ నింపుతుంది. అవసరానికి పనికొచ్చేదే గానీ, రోజువారీ తిండికి కాదు. అయ్యగారు వెస్ట్‌గేట్ ఫ్రీవే మీద అది నొక్కి, పక్కన కూర్చున్న స్నేహితుడితో "చూశావా బావా, నడుస్తూనే ఛార్జవుతోంది, గోడకి పెట్టే పనే లేదు" అన్నారు. ఆ బావ "అబ్బో" అన్నాడు. పెట్రోలుతో కరెంటు చేసి, ఆ కరెంటుతో చక్రం తిప్పుతూ, రెండు చోట్లా నష్టపోతున్నానని నా ఇంజను అరిచి చెప్పింది. మ్యూజిక్ సౌండ్ పెంచారు.

విక్టోరియా ప్రభుత్వం కూడా నన్ను వదల్లేదు. కరెంటు బళ్లు పెట్రోలు పన్ను ఎగ్గొడుతున్నాయని 2021 జూలై 1 నుంచి కిలోమీటరుకి ఇంతని రోడ్డు రుసుము పెట్టింది. పూర్తి ఎలక్ట్రిక్‌కి రెండున్నర సెంట్లు, మా జాతికి రెండు, తర్వాత కాస్త పెంచారు. నా ఓడోమీటర్ ఫోటో తీసి పంపాలి. లీటరుకి దాదాపు అర డాలరు ఎక్సైజు కడుతూ పెట్రోలే తాగే నేను, పెట్రోలు తాగనందుకు మళ్లీ రుసుము కట్టాను. 2023 అక్టోబరు 18న హైకోర్టు, అంటే ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, నలుగురికి ముగ్గురుగా చీలి, రాష్ట్రాలకు ఆ హక్కు లేదని కొట్టేసింది. ఆ ఒక్కరోజు మాత్రం అయ్యగారు నా బానెట్ తట్టారు.

నా జీవితంలో గర్వంగా చెప్పుకునే రాత్రి ఒకటుంది. 2024 ఫిబ్రవరి 13న పెనుగాలి వచ్చి విక్టోరియాలో ఐదు లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. మా వీధీ చీకటే. నా డిక్కీలో 1500 వాట్ల సాకెట్ ఉందని అమ్మగారికి గుర్తొచ్చింది. రైస్ కుక్కర్ తెచ్చి డిక్కీలో పెట్టి తగిలించారు. బ్యాటరీ ఎప్పట్లాగే అడుగంటింది కాబట్టి ఇంజను లేచింది. లేస్తే లేచిందిలే. మూత కింద నుంచి పొంగు, డిక్కీ అంతా అన్నం ఆవిరి, చివర్న స్విచ్ టక్కుమని పైకి లేచిన చప్పుడు. పక్కింటి పంజాబీ వాళ్లు పాలు కాచుకోవడానికి కెటిల్ పట్టుకొచ్చారు. పిల్లలు నా వెనక సీట్లోనే పప్పన్నం తిన్నారు. సీటు సందులో ఎండిన మెతుకులు చాలా కాలం ఉన్నాయి. తుడవలేదని నేనేం అనుకోలేదు.

తర్వాత మాటలు మారాయి. నా మీద పన్ను లేకపోయినా, నా విలువ ఆదాయపు లెక్కలో కనబడుతుందని, దానివల్ల చైల్డ్ కేర్ సబ్సిడీ తగ్గిందని అమ్మగారు కనిపెట్టారు. "పన్ను లేదన్నారు కదండీ?" "పన్ను లేదే, లెక్కలో ఉంటుందంతే." ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు.

గడువు దగ్గరపడేకొద్దీ మా జాతికి గిరాకీ పెరిగింది. 2023లో ఆస్ట్రేలియాలో 11 వేల పైచిలుకు అమ్ముడైన ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు 2024లో 23 వేలు దాటాయి. నాకు మాత్రం పాత ఒప్పందం ఉంది, మాఫీ ఐదేళ్లూ నడుస్తుంది. కానీ ఉద్యోగం మారితే అది కొత్త ఒప్పందం కిందికి వస్తుంది, మాఫీ పోతుంది. 2025లో అయ్యగారు ఉద్యోగం మారారు. కొత్త కంపెనీ పేరోల్ వాళ్లు ఒక్క ముక్కలో చెప్పారు, దీనికి పన్ను పడుతుంది, పూర్తి ఎలక్ట్రిక్ అయితే పడదు. ఆ రాత్రే ఆయన లాప్‌టాప్‌లో వేరే కార్లు చూశారు. లీజు మధ్యలో తెంపినందుకు చేతి నుంచి కట్టాల్సింది చూసి, "ఈ బండితో నష్టమే" అన్నారు. నష్టం నాతోనట!

కొత్తది వచ్చే ముందు వారం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వచ్చాడండీ, నిజంగానే! మధ్యాహ్నం భోజనం వేళకల్లా గోడకి 32 ఆంపియర్ల ఛార్జర్ బిగించి వెళ్లిపోయాడు. గరాజ్‌లో సామాను కూడా ఎవరూ కదపలేదు. నేను డ్రైవ్‌వే మీద ఎక్కడ నిలబడేదాన్నో, సరిగ్గా అక్కడికి అందేటట్టు కేబుల్ వేలాడుతోంది. నాకూ సరిపోయే ప్లగ్గే అది. నన్ను తీసుకుపోయే మనిషి వచ్చేదాకా రెండు రోజులు దాని పక్కనే ఉన్నాను. ఒక్కసారి తగిలించి చూద్దామని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు నేను పాత కార్ల యార్డులో ఉన్నాను. తనిఖీకి వచ్చిన కుర్రాడు ఛార్జింగ్ మూత తెరిచి లోపల ఎర్రగా ఉందేమిటని గోటితో గీకాడు. తుప్పేమో అనుకున్నాడు. పొడిగా రాలింది, వాసన చూశాడు, భుజాలెగరేసి తుడిచేశాడు. డిక్కీలోంచి కేబుల్ సంచి తీసి, సీల్ చూసి, కొత్తదని రాసుకున్నాడు.

శనివారం ఒకాయన భార్యతో వచ్చి నా చుట్టూ తిరిగారు. టైర్లు తన్ని చూశారు, సీట్లు వెనక్కీ ముందుకీ లాగారు. అమ్మకాల మనిషిని పక్కకి పిలిచి అడిగారు.

"దీన్ని గోడకి పెట్టకపోయినా నడుస్తుందా?"

"భేషుగ్గా నడుస్తుందండీ. పాతాయన అలాగే నడిపాడు."