నాలుగింతల కష్టఫలం

1986లో జపాన్‌లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’ వీడియో గేమ్‌లో స్లైమ్ అనే చిన్న శత్రువును చంపితే దక్కేది ఒక్క అనుభవ పాయింటు. 64 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో కథ ఎంతని పడుతుంది? మిగతా గంటల్ని ఇలాంటి చిల్లర యుద్ధాలే నింపాయి. ఆ చాకిరీలోనే మజా ఉందని పాత అభిమానుల వాదన. కొంత నిజమే, వంతెన దాటితే శత్రువులు బలపడే ఆ ఆటలో, దాటగానే మనల్ని చావగొట్టిన రాక్షసుణ్ణి తర్వాత రెండు దెబ్బల్లో కూల్చితే ఆ సుఖమే వేరు. కానీ ఆ సుఖం వంతెనది, స్లైములది కాదు. దాటాలా వద్దా అన్న తెగింపు లేనిచోట మిగిలేది బటన్ నొక్కుడే. ఈ సంగతి ఆటల సంస్థ స్క్వేర్ ఎనిక్స్‌కూ తెలుసు. 2023లో కన్సోళ్లకు తెచ్చిన ‘ఫైనల్ ఫ్యాంటసీ’ పాత ఆటల పిక్సెల్ రీమాస్టర్లలో అనుభవాన్ని నాలుగింతలు చేసే సదుపాయాన్నీ, దారిలో శత్రువులే ఎదురుపడకుండా ఆపే మీటనూ పెట్టింది. ఆట డబ్బిచ్చి కొనాలి, ఆడకుండా ఉండే హక్కు ఉచితం! అయినా వీరాభిమాని ఆ మీట ముట్టడు, కష్టపడితేనే విలువంటాడు. ఇదే మాట ఆఫీసులో మేనేజరంటే మాత్రం యూనియన్ గుర్తొస్తుంది.