అప్‌డేట్ బాబాయిగారు

నెలలో రెండో మంగళవారం రాత్రి అమెరికాలో రెడ్‌మండ్ నుంచి విండోస్ అప్‌డేట్లు బయల్దేరతాయి. అక్కడ పొద్దున్న పది గంటలు. మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. ఊరంతా నిద్రపోయే ఆ వేళకి బాబాయిగారు పంచాంగం చూసుకున్నంత శ్రద్ధగా గడియారం చూసుకుంటారు. మర్నాడు వాకింగ్‌లో ఎవరి ముఖం వాడిందో గమనిస్తూ నడుస్తారు.

ఇలాంటివారు ప్రతి అపార్టుమెంటుకీ ఒకరుంటారు. ఎక్కువమంది రిటైరైనవాళ్ళే, ఎందుకంటే ఈ పనికి తెలివి కన్నా తీరిక ముఖ్యం. మా బ్లాకుకు దక్కినాయన ట్రెజరీలో చేశారు. అభ్యంతరం లేని బిల్లును సర్వీసులో ఏనాడూ నమ్మలేదట. తెర మీద ‘ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి’ అని వస్తే మనం అమాయకంగా మళ్ళీ ప్రయత్నిస్తాం. ఆయన మాత్రం ఆ కిందున్న నంబరును జేబులోని చిన్న పుస్తకంలోకి ఎక్కిస్తారు. “పైదంతా మర్యాదకి రాసిందమ్మా. సంగతి నంబర్లో ఉంటుంది.”

కుర్చీలో కూర్చున్నాక మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. “సి డ్రైవులో ఖాళీ ఎంత?” చూస్తే ఎర్రగీత. ఇంటావిడ వెంటనే వాదనకు దిగుతుంది. “అమ్మాయి పెళ్ళి వీడియోలు సి లో పెట్టలేదండీ బాబాయిగారూ, డెస్క్‌టాప్ మీదే ఉంచాం.” డెస్క్‌టాప్ కూడా సి లోదేనని చెప్పి చెప్పి విసిగిన మనిషి. ఇప్పుడు చెప్పడం మానేసి, పెళ్ళివారందరినీ విందుతో సహా డి డ్రైవులో దించేస్తారు. ఈలోగా మొదటి కాఫీ వస్తుంది.

తర్వాత తేదీ. పాత డెస్క్‌టాపుల్లో మదర్‌బోర్డు మీది సెల్ అయిపోతే కంప్యూటర్ కాలజ్ఞానం కోల్పోతుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తాను పుట్టిన ఏటికి వెళ్ళి కూర్చుంటుంది. తేదీ తప్పితే సర్వర్ చూపించే సర్టిఫికెట్ చెల్లదంటుంది, అప్‌డేట్ రాదు. బాబాయిగారి జేబులో ఆ బిళ్ళ సెల్ సిద్ధంగానే ఉంటుంది. దాని మీద 2032 అని చూసి ఒకావిడ, “అయితే ఇంకో కొన్నేళ్ళు బెంగలేదన్నమాట” అంది. అది ఎక్స్‌పైరీ కాదనీ, ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అనీ ఆయన పావుగంట చెప్పారు. ఆవిడ శ్రద్ధగా విని, క్యాలెండర్ వెనక 2032 అని రాసిపెట్టుకుంది.

ఇవేవీ కాకపోతే నల్ల తెర తెరుస్తారు. అప్‌డేట్ సర్వీసును ఆపి, సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డరుకు పేరు మార్చి, సర్వీసును మళ్ళీ లేపుతారు. విండోస్ కొత్త ఫోల్డరు తెచ్చుకుని, సగంలో చెడిన డౌన్‌లోడ్లను మరిచిపోయి మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఆ పాతదాన్ని చెరిపెయ్యవచ్చు కదా అంటే ఒప్పుకోరు. ట్రెజరీ మనిషి ఏ ఫైలూ చింపడు.

అప్పటికీ లొంగకపోతే డిజమ్, దాని తర్వాత ఎస్ఎఫ్‌సీ. ముందు మరమ్మతు సామాను సరిచూసి, తర్వాత మరమ్మతు చెయ్యాలన్నది ఆయన క్రమం. న్యాయంగా చెప్పాలంటే అదే సరైన క్రమం కూడా. ఈ డిజమ్‌కి ఒక జబ్బుంది. గబగబా పరిగెత్తి 62.3 శాతం దగ్గర కదలకుండా నిలబడిపోతుంది. ఇంట్లోవాళ్ళకి కంగారు. బాబాయిగారు అసలు కూర్చునేది ఇక్కడే. రెండో కాఫీ, ఆవకాయ ఎప్పుడు పెట్టారు, పెద్దాడికి సంబంధాలు చూస్తున్నారా, పక్క ఫ్లాట్‌వాళ్ళు అమ్ముతున్నారటగా, అన్నీ 62.3 దగ్గరే తేలుతాయి. మా బ్లాకులో ఇద్దరి పెళ్ళిళ్ళకు తొలిమాట పడింది ఆ విరామంలోనేనని అంటారు. నేను నమ్ముతాను.

రీస్టార్ట్ వేళకి మాత్రం ఆయన నియంత అయిపోతారు. ‘కంప్యూటర్ ఆపవద్దు’ అని తెర చెప్పేది కంప్యూటర్‌ గురించే. ఆయన దాన్ని ఇల్లంతటికీ వర్తింపజేస్తారు. గీజర్ వద్దు, మిక్సీ వద్దు, ఐరన్ బాక్సు అసలు వద్దు. ఓసారి వాచ్‌మన్ దగ్గరికి మనిషిని పంపి బోరు మోటారు కూడా ఆపించారు. ట్యాంకు ఎండింది, అప్‌డేట్ ఎక్కింది. ఆ పూట నీళ్ళు లేని పదహారు ఫ్లాట్లవాళ్ళు ఆయన్ని ఏమన్నారో ఇక్కడ రాయను.

ఆయన ఓర్చుకోలేని మాట ఒకటే, ‘ఫార్మాట్’. గచ్చిబౌలి నుంచి పండక్కి వచ్చిన మేనల్లుళ్ళు నుంచునే తీర్పిస్తారు. “ఎందుకు మావయ్యా ఇదంతా, ఫార్మాట్ కొట్టేస్తే పోలా?” పంటినొప్పికి తల తీసెయ్యమన్నవాణ్ణి చూసినట్టు చూస్తారు.

మేనల్లుడు చెప్పినట్టు చేస్తే ఆయనకింక మిగిలేదేముంది? తిప్పలు పెట్టని కంప్యూటరంటే ఆయనకు గౌరవం లేదు. అందుకే 2024 జనవరి ఆయన స్వర్ణయుగం. ఆ నెల వచ్చిన ఒక అప్‌డేట్ ఎన్నో దేశాల్లో విండోస్ 10 వాళ్ళను 80070643 అనే నంబరుతో ఏడిపించింది. అసలు కారణం రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ చోటు లేకపోవడం. ఆ ముక్క నంబరు చెప్పలేదు. చోటు చాలదని చెప్పాల్సింది పోయి, ఇన్‌స్టాల్ విఫలమైందని మాత్రం చెప్పింది. చివరికి మైక్రోసాఫ్టే, దీనికి తనంతట జరిగే పరిష్కారం రాదు, చేత్తో సరిచేసుకోండని చేతులెత్తేసింది. “చేత్తో!” అని బాబాయిగారు ఆ మాటను తనకొచ్చిన సన్మానపత్రంలా చదివి వినిపించారు. ఆ నెలలో ఆయన్ని ఇంట్లో చూసినవాళ్ళు లేరు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ముగిసింది. అదీ రెండో మంగళవారమే. టీపీఎం 2.0 లేని పాత డబ్బాలకు పదకొండు ఎక్కదు. పేరు నమోదు చేసుకుంటే మరో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా, భద్రతా అప్‌డేట్లు వస్తాయని తెలియగానే బ్లాకంతా తిరిగి ఇంటింటికీ చేర్పించారు. ముసలి కంప్యూటర్లన్నీ వెళ్ళిపోతే ఆయన బుధవారాలు ఏమైపోవాలి?

కానీ జనం మారుతున్నారు. మూడో అంతస్తు అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్ కొంది. అది అర్ధరాత్రి తనే అప్‌డేట్ చేసుకుని, తనే రీస్టార్టయి, పొద్దున్నకి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. “ఏమీ చెయ్యక్కర్లేదు బాబాయిగారూ, బ్రహ్మాండంగా ఉంది” అందా అమ్మాయి. అయినా ఒకసారి చూసిపోతానని వెళ్ళి అప్‌డేట్ హిస్టరీ తెరిచారు. అన్నీ సక్సెస్. కిందికి వెళ్ళారు. ఇంకా కిందికి. రెండు నెలల నాటి ఒక ప్రింటర్ డ్రైవర్, పక్కన ‘ఫెయిల్డ్’.

“అమ్మాయ్, మీకు ప్రింటరుందా?”

“ఎప్పుడో అమ్మేశామండీ.”

“పరవాలేదు” అని కుర్చీ ముందుకు లాక్కుని, “కాఫీలో చక్కెర తగ్గించమ్మా” అన్నారు.