హద్దుల పటేలు

హద్దుల పటేలు అంకెలకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్ కుర్రాడు. పానగల్‌లో పండుగలకూ, వర్క్ ఫ్రం హోమ్ రోజుల్లోనూ కనిపిస్తాడు. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన నల్లగొండ గడ్డ మీద పుట్టినవాడు గనుక హద్దు లెక్క అతనికి ఉగ్గుపాలతోనే అబ్బింది: తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదు, పీహెచ్ 6.5, 8.5 మధ్య ఉండాలి.

ఇతని ఎదుగుదలకు రెండు దశలు. మొదటిది ఇఫ్‌ల దశ: ఐదు బోర్లుంటే ఐదు ఇఫ్‌లు రాస్తాడు, ఆరో బోరు పడితే ఆరోది. రెండో దశలో పైథాన్‌లోని ఆల్ ఫంక్షన్ చేతికొస్తుంది. విలువలన్నీ హద్దులో ఉంటేనే ట్రూ. ఒక్కటి దాటినా ఫాల్స్. అన్నింటిలో చిన్నదీ పెద్దదీ హద్దులో ఉంటే మిగతావీ ఉన్నట్టేనని తెలిసిన రోజు ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వడు.

ఇతనికి గండాలూ ఉన్నాయి. రేంజ్‌కు 6, 9 ఇస్తే అందులో 6, 7, 8 మాత్రమే ఉంటాయి; 9 రాదు, 7.2కు అసలు చోటే లేదు. కింది హద్దు, విలువ, పై హద్దు మూడింటినీ ఒకే వరుసలో పోల్చడం పైథాన్‌లో చెల్లుతుంది. అదే వరుసను జావాస్క్రిప్ట్‌లో రాస్తే మొదటి పోలిక జవాబు 1 గానో 0 గానో మారి 8.5తో తలపడుతుంది. అది ఎప్పుడూ చిన్నదే కాబట్టి నిమ్మరసమూ, సున్నపు తేటా తాగునీరుగా పాసవుతాయి. ఇక ఖాళీ జాబితా ఇస్తే ఆల్ ట్రూ అంటుంది: శాంపిల్ ఒక్కటీ తేకున్నా ఊరి నీళ్లన్నీ మంచివే. ఆ రిపోర్టును మాత్రం ఎవరూ తప్పుపట్టరు.

ఇతనితో మాట్లాడటం కష్టం. "బిడ్డా, ఈ నీళ్లు తాగొచ్చునా?" అని పెద్దమ్మ అడిగితే, "1.5 కలుపుకొనా పెద్దమ్మా, వదిలేసా?" అంటాడు. ఆమె బిందె ఎత్తుకొని పోతుంది. పొద్దంతా లింగం మీద నీడ కదలని ఛాయా సోమేశ్వరాలయమొక్కటే ఊళ్లో అతను చెక్ చేయకుండా వదిలిన చోటు.

పెళ్లి సంబంధాలకూ ఇదే కోడ్. వయసు, ఎత్తు, జీతం, ఊరి దూరం నాలుగూ హద్దులో ఉండాలని ఆల్ పెడతాడు. ఏళ్లు గడిచాక, ఒక్కటి కుదిరినా చాలునని ఎనీకి దిగుతాడు. అప్పటికి అవతలివాళ్ల ఆల్‌లో ఇతని వయసు హద్దు దాటి ఉంటుంది.