గాలిలోనూ బ్రేక్ దర్శనం!

మీ సిమ్ కార్డులో ఒక అంకె దాగి ఉంది. 0 నుంచి 9 లోపు ఏదో ఒకటి. మీరు అడగలేదు, వాళ్లు చెప్పలేదు. టవర్ మీద రద్దీ ముదిరితే ఎవర్ని కాసేపు గుమ్మం బయట నిలబెట్టాలో తేల్చుకోవడానికి పెట్టిన అంకె అది. మనలాంటి వాళ్లమంతా ఆ పది గుంపుల్లోనే. 11 నుంచి 15 దాకా వేరే తరగతులున్నాయి. భద్రతా బలగాలు, నీళ్లు, గ్యాస్ లాంటివి అందించే ప్రజాసేవల వాళ్లు, అత్యవసర సిబ్బంది, నెట్‌వర్క్ సొంత మనుషులు. ఎమర్జెన్సీ నంబరుకు చేసే కాల్‌కైతే విడిగా ఇంకో దారి. మొబైల్ ప్రమాణాలు రాసిన ఇంజినీర్లు ఏనాడో గీసిపెట్టిన వరస ఇది. అందులో ఎంత వెతికినా ‘నెలకు 999 రూపాయలు కట్టినవాడు’ అనే తరగతి కనిపించదు.

పాపం, ఇంజినీర్లకు లోకజ్ఞానం తక్కువ. మార్కెటింగ్ బాబులొచ్చి దిద్దాల్సి వచ్చింది.

2019 నవంబరులో వొడాఫోన్ ఐడియా ‘రెడ్‌ఎక్స్’ ప్లాన్ అంది. మీకు వేగం ఎక్కువ, రండి అంది. 2020 జులైలో ఎయిర్‌టెల్ ‘ప్లాటినం’ అంది. 499, ఆపైన కట్టే పోస్ట్‌పెయిడ్ మారాజులకు ప్రాధాన్య 4జీ. అది ఏ కాలమో గుర్తుందా? బడులకు తాళాలు. పిల్లలకు పాఠాలన్నీ ఫోన్లోనే. ఇంటికో ప్రీపెయిడ్ సిమ్ము, దాని చుట్టూ ముగ్గురు పిల్లలు. ఒక్క సిగ్నల్ పుల్ల కోసం డాబాలెక్కిన రోజులు. సరిగ్గా అప్పుడే వీళ్లకు ప్లాటినం గుర్తొచ్చింది! టైమింగంటే అదీ.

టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ జులై 11న రెండింటినీ ఆపమంది. కొందరికి వేగం పెంచితే మిగతావాళ్ల గతేంటని అడిగింది. అబ్బే, ఎవరికీ ఏ నష్టమూ లేదని కంపెనీలు సెలవిచ్చాయి. వొడాఫోన్ ఐడియా టెలికం ట్రిబ్యునల్ టీడీశాట్‌కు పరుగెత్తి స్టే తెచ్చుకుంది. ఆగస్టులో ట్రాయ్ మళ్లీ నోటీసిచ్చింది. ఆ ప్లాన్‌లో పారదర్శకత లేదంది, జనాన్ని తప్పుదోవ పట్టిస్తోందంది. అయ్యా, ఒక్క ముక్క చెప్పండి. ఎవరికీ నష్టం లేకుండా కొందరికి మాత్రం లాభం ఎక్కణ్నుంచి ఊడిపడుతుంది? టవరేమైనా అక్షయపాత్రా?

అసలు లోపల జరిగేదేంటో చూద్దాం. 4జీ టవర్ తన గాలిని వెయ్యో వంతు సెకనుకోసారి ముక్కలు చేసి పంచుతుంది. ఈ ముక్క నీకు, ఆ ముక్క వాడికి. ఖాళీగా ఉన్నప్పుడు ప్రాధాన్యాలతో పనే లేదు, అందరికీ సరిపోతుంది. రద్దీలోనే వరస కావాలి. ఆ రద్దీలో ఒకరికి ఎక్కువ పెడితే ఇంకొకరికి తగ్గాల్సిందే. దీనికి టీడీశాట్ దాకా ఎందుకు? మూడో తరగతి తీసివేతలు చాలు.

ఇక్కడే అసలు కిటుకుంది. మాటకు కావాల్సిన గాలి ఎంతో తెలుసా? 4జీ కాల్‌కు సెకనుకు పాతిక కిలోబిట్లు అటూఇటూ. కాస్త నాణ్యమైన వీడియోకు వేల కిలోబిట్లు. కానీ మాట ఆగలేదు. పదో వంతు సెకనులోపు టవర్ దాటాలని ప్రమాణాలు లెక్కగట్టాయి. ఆలస్యమైతే అది సంభాషణ కాదు, నత్తి. వీడియో ఆగగలదు. కాసేపు గుండ్రంగా తిరుగుతుంది, ప్రాణం పోదు. కాబట్టి కొంచెమే అడిగే, ఆగలేనివాణ్ని ముందు పంపితే వెనకున్నవాళ్లకు తేడా కూడా తెలియదు. ఆ కాల్ మౌనంగా ఉన్న క్షణాల్లో మిగిలిన గాలిని మళ్లీ అందరికీ పంచేయొచ్చు. చివరివాడు పస్తుండిపోకుండా అతనికీ కనీస వాటా ఉంచొచ్చు. పుస్తకాల్లో ఏళ్ల కిందటే తేలిపోయిన లెక్క ఇది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. 4జీలో చేసే మామూలు కాల్‌కు ఈ మర్యాద దక్కుతోంది. మరి కంపెనీలు అమ్మజూపిన ప్రాధాన్యం ఎవరికి? చాలా అడిగేవాడికి. ఎంతసేపైనా ఆగగలిగేవాడికి. లెక్కను తలకిందులు చేసి దానికే ప్రీమియమని పేరు పెట్టారు. పీహెచ్‌సీలో కూర్చుని ఈ-సంజీవని ద్వారా డాక్టరుకు రిపోర్టు చూపించే ముసలమ్మ అట్టడుగు గుంపు. అదే టవర్ పరిధిలో సోఫాలో పడుకుని సినిమా దించుకునే బాబుగారు ప్లాటినం. తిరుమలలో సర్వదర్శనం, 300 టికెట్టు, వీఐపీ బ్రేక్ అని విడివిడి వరసలుంటాయి. కనీసం అక్కడ బోర్డుంటుంది. మీ ముందు నుంచి ఎవరెళ్తున్నారో కళ్లకు కనిపిస్తుంది, తిట్టుకోవచ్చు. గాలిలో ఆ భాగ్యం కూడా లేదు. ‘దయచేసి కాసేపటి తర్వాత ప్రయత్నించండి’. అంతే.

ఇది మన దగ్గరి దరిద్రమే అనుకోకండి. 2018 వేసవిలో కాలిఫోర్నియాలో అడవులు తగలబడుతున్నాయి. శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక దళం తన కమాండ్ వాహనాన్ని మంటల దగ్గరికి పంపింది. ఏ బండి ఎక్కడుందో, ఎటు పంపాలో చూసే వాహనం అది. దానికి వెరిజాన్ ‘అన్‌లిమిటెడ్’ కనెక్షన్. హద్దు లేని ఆ ప్లాన్‌కు ఒక హద్దుంది, అది దాటేసరికి వేగం రెండు వందల్లో ఒక వంతుకు పడిపోయింది. మహాప్రభో, ఇక్కడ మంటలు అని మొత్తుకుంటే వచ్చిన సమాధానమేంటి? రెట్టింపు కంటే ఎక్కువ ధర గల ప్లాన్‌కు మారండి! మారారు. అప్పుడు వేగం వచ్చింది. తర్వాత కంపెనీ తీరిగ్గా క్షమాపణ చెప్పింది. సిబ్బంది పొరపాటట. అవును మరి, పాలసీ ఎప్పుడూ పవిత్రమే.

ఇప్పుడు 5జీ వచ్చింది. 2022 అక్టోబరు 1న ఢిల్లీలో అట్టహాసంగా మొదలైంది. ఒకే నెట్‌వర్క్‌ను ముక్కలుగా విడదీసి ఒక్కో అవసరానికి ఒక్కోటి ఇవ్వొచ్చట. స్లైసింగ్ అంటున్నారు. అమ్మేటప్పుడు చెప్పే ఉదాహరణ చూడండి. ఎక్కడో కూర్చున్న సర్జన్ ఇంకెక్కడో ఉన్న రోగికి ఆపరేషన్ చేయడం! వహ్వా! ఆ మాటలకు చప్పట్లు కొట్టినవాళ్లను అడగండి, మీ సొంతూర్లో ఇంట్లోంచే 108కి కాల్ కలుస్తుందా, లేక గేటు దాటి రోడ్డెక్కాలా?

కాల్ మధ్యలో తెగితే రూపాయి చెల్లించమని, అదీ రోజుకు మూడు రూపాయలు మించకుండా, ట్రాయ్ 2015లో నిబంధన తెచ్చింది. కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2016 మేలో కోర్టు దాన్ని కొట్టేసింది. అంటే మన తెగిన మాటకు విలువ రూపాయి కూడా కాదు. 2020లో వాళ్లు ప్రాధాన్యానికి కట్టిన విలువ మాత్రం 499. ఆపైన మీ స్తోమత.

ఇక విపత్తు మాట. హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చిపెట్టిన 2014 అక్టోబరు 12 తర్వాత ఊరి ఫోన్లు మూగబోయాయి. అయినవాళ్లు ఉన్నారో లేదో తెలియక జనం అల్లాడారు. పోలీసులు, ఫైరింజన్లు, విపత్తు బృందాల కోసం దేశమంతటికీ ప్రత్యేక నెట్‌వర్క్ కావాలని ట్రాయ్ 2018 జూన్‌లో సిఫార్సు చేసింది. ఆ నెట్‌వర్క్ మీకెక్కడైనా కనిపించిందా?

ఏలినవారిని అడిగేందుకు పెద్ద కోరికలేమీ లేవు. 108 డ్రైవరు జేబులో ఉన్న సిమ్ ఏ తరగతిదో చెప్పండి. ఈసారి తుపాను ముంచుకొచ్చినప్పుడు టవర్ ముందు ఎవర్ని పంపుతుందో, ఎవర్ని ఆపుతుందో ఆ జాబితా కాగితం మీద పెట్టి, తెలుగులో అచ్చేసి, ప్రతి రీచార్జి కొట్టుకూ అంటించండి.