పచ్చచుక్క వ్రతం

వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చాక సాఫ్ట్‌వేర్ ఇళ్లలోకి కొత్త వ్రతం ఒకటి వచ్చింది. పీటా కలశమూ అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో పేరు పక్కన వెలిగే పచ్చచుక్కే దైవం. నియమం ఒక్కటే, చుక్క రంగు మారకూడదు. ఐదు నిమిషాలు మౌసూ కీబోర్డూ కదలకపోతే పచ్చచుక్క పసుపుకు తిరుగుతుంది. అంటే ఉద్యోగి ‘అవే’, సీట్లో లేడు. కుర్చీలోనే ఉండి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, రెండు రోజులుగా దొరకని బగ్ గురించి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా సరే, లేనట్టే లెక్క. ఆలోచించే మనిషి చెయ్యి కదలదన్న సంగతి చుక్కకెవరూ చెప్పలేదు.

భక్తులు ఊరుకుంటారా? ముళ్ల చేతిగడియారం తెచ్చి ఆప్టికల్ మౌస్ కింద పెట్టారు. సెకన్ల ముల్లు నడుస్తుంటే మౌస్ తానే కదులుతున్నాననుకుంటుంది. కాస్త ఖర్చుపెట్టగలిగినవాళ్లు యూఎస్‌బీకి గుచ్చితే కర్సర్‌ను కదుపుతుండే మౌస్ జిగ్లర్ కొన్నారు. ఫోరెన్సిక్ వాళ్లు దీన్ని స్వాధీనం చేసుకున్న కంప్యూటర్ లాక్ పడకుండా ఉండేందుకు వాడతారు. ఇప్పుడు నిందితుడి కంప్యూటర్‌కు పట్టిన యోగమే నెలజీతగాడి ల్యాప్‌టాప్‌కూ పట్టింది.

కోడ్ వచ్చినవాళ్ల దారి వేరు. పైథాన్‌లో పైఆటోజీయూఐ అని ఒక లైబ్రరీ ఉంది. కర్సర్ ఎక్కడికి జరగాలో, ఎక్కడ క్లిక్ పడాలో చెబితే చేసిపెడుతుంది. ఒక వైల్ లూప్, నాలుగు పిక్సెళ్లు కుడికి, నాలుగు ఎడమకి, అరవై సెకన్ల స్లీప్. ఐదారు లైన్లలో ఉద్యోగి రెడీ!

మా అపార్ట్‌మెంట్ కుర్రాడొకడు ఇంకో మెట్టు ఎక్కాడు. నిమిషం నిమిషానికీ ఒకే గీత మీద కదిలితే నిఘా సాఫ్ట్‌వేర్ పసిగడుతుందని రాండమ్ పెట్టాడు. వాడి కర్సర్ వంకరగా పోతుంది, దారిలో తటపటాయిస్తుంది, బటన్ దాటిపోయి నాలిక్కరుచుకున్నట్టు వెనక్కొస్తుంది. పదకొండింటికి పది నిమిషాలు ఆగుతుంది కూడా.

“అదేంటి బాబూ?” అన్నాను.

“టీ బ్రేక్ అంకుల్. ఆగకుండా పనిచేస్తే డౌటొస్తుంది.”

ఆదివారమంతా కూర్చుని రాశాడట. ఆ శ్రద్ధేదో ఆఫీసు పని మీద పెట్టొచ్చు కదా అంటే, “అది శుక్రవారమే అయిపోయింది. అయిందని చెబితే ఇంకోటి ఇస్తారు” అన్నాడు.

పైఆటోజీయూఐలో ఒక ముచ్చటైన ఏర్పాటుంది. స్క్రిప్ట్ అదుపు తప్పితే కర్సర్‌ను స్క్రీన్ ఎడమ పైమూలకు తోసేస్తే చాలు, అంతా ఆగిపోతుంది. ఫెయిల్‌సేఫ్ అంటారు. రాత్రి పదకొండింటి క్లయింట్ కాల్‌లో ఇరుక్కున్నవాడికి తోసుకుపోవడానికి అలాంటి మూలేదీ లేదు.

దొంగ వ్రతానికి శిక్ష మాత్రం ఉంది. 2024 మేలో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకు పైగా ఉద్యోగుల్ని ఇంటికి పంపింది. కీబోర్డు కదలికను అనుకరించి, పనిచేస్తున్నట్టు భ్రమ కల్పించారన్నది అభియోగం. నీతి మంచిదే. కాకపోతే 2016లో ఇదే బ్యాంకులో కస్టమర్లకు తెలియకుండా దాదాపు 20 లక్షల ఖాతాలు తెరిచారని తేలి 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అక్కడా తంతు ఇదే. ఖాతాల లెక్క అడిగారు, ఖాతాలు పుట్టాయి. కదలిక అడిగారు, కదలిక పుట్టింది. ఏది లెక్కపెడితే అదే పండుతుంది.

ఈ విద్యకు మన ఆఫీసుల్లోనూ పెద్దలున్నారు. కుర్చీ వీపుకు టవలు, బల్లమీద తెరిచిన ఫైలు, దానిమీద కళ్లజోడు, పైన తిరిగే ఫ్యాను. “సారు ఇక్కడే ఎక్కడో ఉన్నారండీ” అని బంట్రోతు. ఆ టవలుకు కరెంటు ఇస్తే పైథాన్ స్క్రిప్ట్.

2022లో మైక్రోసాఫ్ట్ ఒక సర్వే చేయించింది. బాగానే పనిచేస్తున్నామన్న ఉద్యోగులు 87 శాతం. తమ టీమ్ బాగా పనిచేస్తోందని పూర్తిగా నమ్మిన పెద్దలు 12 శాతం. పచ్చచుక్క ఆ కంపెనీదే, అపనమ్మకాన్ని కొలిచిందీ ఆ కంపెనీయే!

ఇప్పుడు ఇటు స్క్రిప్ట్ కర్సర్‌ను కదుపుతుంది, అటు నిఘా సాఫ్ట్‌వేర్ ఆ కదలికను రాసుకుంటుంది. సెలవడగరు, హైకడగరు, ఒకరినొకరు వదలరు. సంస్థలో నిజాయితీగా ఎనిమిది గంటలూ పనిచేసేది ఈ ఇద్దరే.

ఈ గొడవంతా తప్పించుకునే ఉపాయం ఒకటుంది. శుక్రవారం సాయంత్రం మేనేజర్ ఫోన్ చేసి, “ఈ వారం ఏం చేశావు బాబూ?” అని అడగడం. కానీ అడిగితే వాడు చెబుతాడు. చెప్పింది అర్థం కావాలి. అర్థం కావాలంటే పని తెలిసుండాలి. అంత కష్టం ఎందుకని మేనేజర్‌గారు చుక్కల లిస్టు ముందేసుకుని కూర్చున్నారు. అన్నట్టు, వారి చుక్క కూడా పొద్దుట్నుంచీ పచ్చగానే ఉంది.