అలిగిందండి, అంతే!

విశాఖలో పెంపుడు జంతువులకి నొప్పులు రావు. నమ్మకపోతే సాయంత్రం బీచ్ రోడ్డులో ఎవరినైనా అడగండి. మెట్లెక్కడం మానేసిన లాబ్రడార్‌కి "వయసండీ". ఒక పక్కనే నమిలే పొమేరియన్‌కి "గారం". రెండ్రోజులుగా మంచం కింద దూరిన పిల్లి "అలిగింది". వీధికుక్క కుంటితే 1996 నుంచీ ఉన్న విశాఖ ఎస్‌పీసీఏకి ఫోన్ చేస్తాం. మనింట్లోది కుంటితే అది స్టైలు. నొప్పుంటే అరవదా ఏటి!

అరవదు. నొప్పి బయటపెట్టుకున్న జంతువు అడవిలో ఎక్కువ కాలం బతకదు; సోఫా ఎక్కినా ఆ జాగ్రత్త పోలేదు. పిల్లయితే నొప్పిలోనూ గురగురమంటుంది. మనం దానికి పాట జతచేసి స్టేటస్ పెడతాం.

ఉక్కు ఫ్యాక్టరీలో బేరింగు చప్పుడు కాస్త మారితే చాలు, షిఫ్టులో ఉన్నాయన చెవులు నిక్కబొడుచుకుంటాయి. అదే మనిషి ఇంట్లో పదేళ్ల కుక్క తుంటి పట్టేసి లేవలేక తంటాలు పడుతుంటే "బద్ధకం పెరిగిపోయింది" అంటాడు. మిషనుకి షట్‌డౌన్ ఇచ్చి మరీ రిపేరు చేస్తాడు. కుక్కకి డైటింగు చెబుతాడు.

మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు పాపం పనిలేక 2019లో పిల్లి ముఖానికి మార్కులేసే పద్ధతి ఒకటి తెచ్చారు. చెవులు పక్కలకి వాలాయా, కళ్లు సగం మూసుకున్నాయా, మూతి బిగిసిందా, మీసాలు నిటారుగా ఉన్నాయా, తల భుజాల కిందికి దిగిందా? ఒక్కోదానికి 0 నుంచి 2. పదికి నాలుగొస్తే నొప్పిమందు సంగతి చూడాలట. మనకెందుకండీ, దిష్టి తీయడం వచ్చు కదా.

నొప్పేనని ఒప్పుకున్నారో, ఇంకా ప్రమాదం. సొరుగులో పారాసెటమాల్ ఉంటుంది. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. నెత్తురు ప్రాణవాయువును మోయలేక చిగుళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. "సగం బిళ్లేనండీ!" సగమంటే 250 మిల్లీగ్రాములు, పిల్లి నాలుగు కిలోలు. అది చాలు ప్రాణం పోవడానికి. కుక్కకి ఐబుప్రొఫెన్ వేస్తే కడుపులో పుండ్లు.

ఆరోగ్యం పట్టదని మాత్రం అనకండి. మే నెల ఉక్కలో హస్కీని ఇసకలో పరిగెత్తిస్తాం. అది రొప్పుతుంటే "నవ్వుతున్నాడు చూడండి" అని ఫొటో తీస్తాం. షాంపూ, సెంటు అన్నీ కొంటాం. నోరు తెరిచి చూడం. కంపు కొడితే, కుక్క నోరు మల్లెపూల వాసనొస్తుందా? చిగుళ్లు వాచి కోర కదులుతోందని డాక్టరు చూపిస్తే మాత్రం వెంటనే స్పందిస్తాం:

"అయితే ఈసారి బర్త్‌డే కేకు మెత్తగా చేయిస్తాం లెండి."