ఒక ప్రశ్నార్థకానికి టీకా తాత్పర్యం

మూలము:
సెలెక్ట్ బాకీ ఫ్రమ్ రైతులు వేర్ పేరు = ?

అవతారిక: నల్లమాడలో శెనక్కాయల మండీ ఒకటి కలదనుకొందము. ఆవర్జాలు అటకెక్కినవి, లెక్కలు మైఎస్‌క్యూఎల్‌లోకి ఎక్కినవి. రైతు పేరు కొట్టగానే బాకీ చూపు పేజీని పీహెచ్‌పీలో వ్రాయబూనిన గుమాస్తా కుమారునికి అయ్యవారు ఈ పంక్తిని ఉపదేశించుచున్నారు.

ప్రతిపదార్థము: రైతులు ఫ్రమ్ = రైతులు అను టేబుల్ నుండి; పేరు = పేరు అను గడి; వేర్ = ఏ వరుసలో సరిపోవునో, అందలి; బాకీ = రావలసిన సొమ్మును; సెలెక్ట్ = ఏరి తెమ్ము; ? = ఇంకను రాని వానికై వేసి యుంచిన పీట. ఈ పీటకు ఇరువైపుల కొటేషన్లు తగిలించరాదు. తగిలించినచో డేటాబేసు ప్రశ్నార్థకమనెడు పేరు గల రైతును వెదకబోవును.

తాత్పర్యము: ప్రిపేర్ అనగానే డేటాబేసు వాక్యమును చదివి అర్థము తేల్చుకొనును. పేరు పిదప ఎగ్జిక్యూట్‌తో వచ్చును. అప్పటికి వాక్యార్థము స్థిరపడినది గనుక వచ్చినది ఎంత వంకరదైనను పేరే యగును, ఆజ్ఞ కానేరదు.

వ్యాకరణ విశేషము: పూర్వులు నడుమ చుక్క పెట్టి వాక్యమునకు పేరును సంధి చేసెడివారు. ఇదే జిల్లాలోని ఓబులదేవరచెరువు రైతొకడు పేరు పక్కన ఓ'డీ చెరువు అని కొట్టెననుకొనుడు. ఆ ఒంటి కొటేషన్ దగ్గర పేరు ముగిసిపోయి, మిగిలినది వాక్యములో పడి, పేజీ చతికిలబడును. ఇది అమాయకుని పని. ఆరితేరినవాడు ' ఆర్ '1'='1 అని కొట్టును. ఒకటి ఒకటికి ఎన్నడును సమానమే గదా! మండీలోని బాకీలన్నియు తెరమీదికి వచ్చును. ఎవని అప్పెంతో ఊరంతటికి తెలిసిన పిదప రచ్చబండకు వేరు పని యుండునా? ఈ దోషమును ఫ్రాక్ అను హ్యాకర్ల పత్రిక 1998లోనే బయటపెట్టినది. పైన చెప్పిన ప్రిపేర్‌ను నడిపించు పీడీఓ 2005లో పీహెచ్‌పీ 5.1తో వచ్చినది. సంధికి అలవాటుపడిన పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015లో పీహెచ్‌పీ 7 తొలగించువరకు మనవారు వదలలేదు. ఇది సోమరితనమే, అజ్ఞానము కాదు.

పాఠాంతరము: పైన చెప్పిన తాత్పర్యమునకు ఒక మెలిక కలదు. మైఎస్‌క్యూఎల్ విషయమున పీడీఓ ప్రిపేర్‌ను నటించును. పేరును తానే కొటేషన్లలో చుట్టి, వాక్యములో దూర్చి, అంతయు ఒక్కసారే పంపును. ఎమ్యులేట్ ప్రిపేర్స్ అను అట్రిబ్యూట్‌ను ఫాల్స్ చేసినప్పుడే వాక్యము వేరుగా, పేరు వేరుగా ప్రయాణించును.

శంక: "అయితే అయ్యోరా, ఆర్డర్ బై పక్కన గూడా ఈ గుర్తే పెట్టేస్తే అయిపాయ గదా?"

సమాధానము: కాదు. ఆ పీట మీద విలువ మాత్రమే కూర్చుండును. అచట బాకీ అని పంపినచో డేటాబేసు దానిని ఉత్త మాటగా తీసుకొనును. తప్పని చూపదు, వరుస మాత్రము మారదు. కావున ఒప్పదగిన కాలమ్ పేర్లు ముందుగా ఒక జాబితా వ్రాసుకొని, వచ్చినది అందున్నచో మాత్రమే వాక్యములో చేర్చవలెను.

"ఆ జాబితా ఎవురు రాయల్ల అయ్యోరా?"

"నువ్వే నాయనా."